ప్రోస్టేట్ రోగులకు ఆయుష్షు పోసిన డాక్టర్ హగ్గిన్స్



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాసి పంపమని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మన సంఘంలో చాలామందే ఉన్నారు. నేను ఆరోగ్యశాఖలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి కనుక, నాకు తెలిసిన దారిలో ఒక డాక్టరుగారి జీవితం రాస్తున్నాను. ఆయన పేరు ఛార్లెస్ బ్రెంటన్ హగ్గిన్స్. వైద్యలోకంలో ఆయన చాలా ప్రసిద్ధులు, 1966లో నోబెల్ బహుమతి అందుకున్నవారు. మన పుల్లలచెరువు, యర్రగొండపాలెం వైపు ఆ పేరు విన్నవారు తక్కువే కావచ్చు. అయినా ఆయన కనిపెట్టిన వైద్యంతో మన మధ్య బతికి తిరుగుతున్నవారు ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి. 2016లో నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. నాలుగేళ్లు అణిగి ఉండి 2020లో తిరగబెట్టింది. అందువల్ల హగ్గిన్స్‌గారి కథ చెప్పేటప్పుడు అక్కడక్కడా నా సంగతి కూడా వస్తుంది. సభ్యులు మన్నించగలరు.

బాల్యం, చదువు

హగ్గిన్స్‌గారు 1901 సెప్టెంబరు 22న కెనడా దేశంలో, నోవా స్కోషియా రాష్ట్రపు హాలిఫాక్స్ పట్టణంలో పుట్టారు. తండ్రి మందుల దుకాణం నడిపేవారు. ఊరికి దగ్గరలోని అకేడియా విశ్వవిద్యాలయంలో 1920లో పట్టా పుచ్చుకున్నారు. అక్కడినుంచి అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్లి, హార్వర్డ్ వైద్య కళాశాలలో 1924లో డాక్టరు పట్టా పొందారు.

ఇక్కడ తెలుగువారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. 1923 అక్టోబరులో భీమవరంలో పుట్టిన ఒక తెలుగు యువకుడు కూడా అదే హార్వర్డ్‌కు చదువుకోసం వచ్చి చేరాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావుగారు. చేతిలో డబ్బు లేక ఆసుపత్రిలో పనివాడి ఉద్యోగం చేసుకుంటూ చదువుకున్నారు. రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేగారితో కలిసి ఆయన ప్రకటించారు. మా ల్యాబ్ శిక్షణలో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరు చదివినప్పుడు, అందులో రెండో పేరు మనవాడిదని తెలిసి గర్వపడ్డాం. ఒక ఏడాదిపాటు ఒకే సంస్థలో చదువుకున్న ఈ ఇద్దరూ తరువాత వేరువేరు దారుల్లో క్యాన్సర్‌కు మందు వెతికారు. సుబ్బారావుగారి సంగతి చివరలో మళ్లీ చెబుతాను.

తెలియని శాఖలో ఉద్యోగం

పట్టా అయిన తరువాత హగ్గిన్స్‌గారు మిచిగన్ విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స నేర్చుకున్నారు. అక్కడ నర్సుగా పనిచేసే మార్గరెట్ వెల్మన్‌గారిని 1927లో వివాహమాడారు. అదే సంవత్సరం షికాగో విశ్వవిద్యాలయంలో కొత్తగా మొదలవుతున్న వైద్య కళాశాలలో చేరారు. తొలి బృందంలో ఉన్నది ఎనిమిదిమందే. శస్త్రచికిత్స విభాగానికి పెద్ద అయిన డాక్టర్ డాలస్ ఫెమిస్టర్ ఆయనకు మూత్రకోశ వ్యాధుల శాఖ అప్పగించారు. ఆ శాఖలో హగ్గిన్స్‌గారికి అంతకు ముందు చెప్పుకోదగ్గ శిక్షణే లేదు. పుస్తకాలు ముందేసుకుని తనకు తానే నేర్చుకున్నారు. తెలియని సీటులో వేసి పని చేయమంటే ఎలా ఉంటుందో ఉద్యోగం చేసిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆయనకు మాత్రం ఆ తెలియని సీటే జీవితకాలపు పని అయింది.

1931లో ఆయన యూరప్ వెళ్లారు. లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ రాబిసన్ అనే రసాయన శాస్త్రవేత్త ఎముకలు గట్టిపడడానికి తోడ్పడే ఫాస్ఫటేజ్ అనే ఎంజైముపై పరిశోధన చేస్తుండేవారు. హగ్గిన్స్‌గారు ఆయన దగ్గర కొంతకాలం పనిచేశారు. కత్తి పట్టే సర్జనుకు రసాయన శాస్త్రం మీద పట్టు అలా కుదిరింది. ఆ ఫాస్ఫటేజ్ విద్యే పదేళ్ల తరువాత ఆయనకు అక్కరకొచ్చింది.

కుక్కలతో ప్రయోగాలు

ప్రోస్టేట్ అనేది మగవారిలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అది కూడా పెరుగుతుంది. రాత్రిపూట నాలుగైదుసార్లు లేవడం, మూత్రం సన్నగా రావడం చాలామందికి ఈ మామూలు పెరుగుదల వల్లే. క్యాన్సర్ వేరు. అది ముదిరితే తరచుగా ఎముకలకు, ముఖ్యంగా వెన్నుపూసకు, కటి ఎముకకు పాకుతుంది.

ఈ గ్రంథి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని హగ్గిన్స్‌గారు కుక్కలను తీసుకున్నారు. మనిషికిలాగే ముసలి కుక్కకు కూడా ప్రోస్టేట్‌లో గడ్డలు వస్తాయి. ఆ గ్రంథి నుంచి ఊరే ద్రవాన్ని విడిగా పట్టి రోజూ కొలిచే పద్ధతి ఆయన 1939లో తయారుచేశారు. కొన్ని కుక్కల్లో గడ్డలుండి కొలతలకు అడ్డం వచ్చేవి. మొదట్లో అది పెద్ద చికాకుగానే ఉండేది. తరువాత ఆ గడ్డలనే పరీక్షించడం మొదలుపెట్టారు. కుక్కకు వృషణాలు తీసివేస్తే ద్రవం ఊరడం ఆగిపోయింది, గడ్డ కుంచించుకుపోయింది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను ఇచ్చినా అలాగే జరిగింది. మగ హార్మోను ఎక్కిస్తే మళ్లీ పెరిగింది.

వృషణాలు తీస్తే ఆ గ్రంథి చిన్నదవుతుందన్న సంగతి పశువుల విషయంలో 18వ శతాబ్దంలోనే జాన్ హంటర్ అనే స్కాట్లండ్ సర్జను గమనించి ఉన్నారు. కోడెకు విత్తులు కొట్టించి ఎద్దును చేసే మన రైతుకు కూడా హార్మోను ప్రభావం కళ్లారా తెలిసినదే. అయితే ఒకసారి పుట్టిన క్యాన్సర్ ఎవరి అదుపులోనూ ఉండదని, శరీరం మాట వినదని ఆనాటి వైద్యుల గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని హగ్గిన్స్‌గారు కదిలించారు.

1941 సంవత్సరం

క్యాన్సర్ ఎముకలకు పాకిన రోగుల రక్తంలో ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరుగుతుందని న్యూయార్క్‌లో గట్‌మన్ దంపతులు 1938లో చూపించారు. హగ్గిన్స్‌గారు ఆ పరీక్షను కొలబద్దగా పట్టుకున్నారు. తన శిష్యుడు క్లారెన్స్ హోడ్జెస్‌తో కలిసి, ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు వృషణాలు తీసివేసి, లేదా ఈస్ట్రోజెన్ ఇచ్చి, రోజులవారీగా రక్తం పరీక్షించారు. పెరిగి ఉన్న ఎంజైము దిగివచ్చింది. మగ హార్మోను ఇస్తే తిరిగి ఎక్కింది. ఈ ఫలితాలు 1941లో అచ్చయ్యాయి.

అంకెల మాట అటుంచి, మంచాన పడి నొప్పితో నిద్రలేని మనుషులకు కొన్ని రోజుల్లోనే నొప్పి తగ్గింది. ఆకలి పుట్టింది. లేచి నడిచారు. పాకిపోయిన క్యాన్సర్‌ను శరీరంలోని రసాయనాన్ని మార్చడం ద్వారా అణచవచ్చని అదే మొదటిసారి రుజువైంది. ఇప్పటి క్యాన్సర్ మందుల శాస్త్రానికి అది ఒక పునాదిరాయి.

నేను శిక్షణ పొందే రోజుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చేసే రక్తపరీక్ష ఆ ఆసిడ్ ఫాస్ఫటేజే. తరువాత పి.ఎస్.ఎ. పరీక్ష వచ్చి దాని స్థానం తీసుకుంది. ఎంతోమంది రక్తం పరీక్షించి అంకెలు రాసిచ్చిన నాకు, నా అంకె ఇంకొకరు రాసిచ్చే రోజు 2016లో వచ్చింది.

మన ప్రాంతంలో నడుం నొప్పి, కీళ్ల నొప్పి అంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్ నీళ్లు. పశ్చిమ ప్రకాశంలో ఆ బాధ ఎంత నిజమో అందరికీ తెలుసు. చిక్కు ఎక్కడంటే, ఫ్లోరైడ్ పట్టిన ఎముక, ప్రోస్టేట్ క్యాన్సర్ పాకిన ఎముక, రెండూ ఎక్స్-రేలో తెల్లగా దట్టంగా కనిపించవచ్చు. నా నడుం నొప్పికి డాక్టరుగారు ఎక్స్-రేతో ఆగకుండా పి.ఎస్.ఎ. కూడా రాశారు. రిపోర్టులో 86 వచ్చింది. నాలుగు లోపు ఉండవలసిన అంకె అది. గుంటూరులో ముక్క తీసి పరీక్ష చేశారు, ఎముకల స్కాన్ తీశారు. వెన్నులో రెండుచోట్ల, తుంటి దగ్గర ఒకచోట పాకి ఉందని తేలింది.

ఆపరేషనా, ఇంజెక్షనా

వైద్యానికి రెండు దారులు చెప్పారు. ఒకటి మూడు నెలలకొక ఇంజెక్షన్, జీవితాంతం. రెండోది ఒక్కసారి ఆపరేషన్ చేసి వృషణాలు తీసివేయడం. పద్ధతులు వేరైనా చేసే పని ఒకటే, ఒంట్లో మగ హార్మోనును అడుగంటించడం. హగ్గిన్స్‌గారు 1941లో చేసిందీ అదే. ఆయన వాడిన ఈస్ట్రోజెన్ మాత్రలు తరువాత చాలాకాలం వాడుకలో ఉన్నాయి. అధిక మోతాదులో అవి గుండెజబ్బు మరణాలను పెంచుతున్నాయని 1960 దశకంలో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల అధ్యయనంలో బయటపడింది. మెదడు నుంచి వెలువడే హార్మోను నిర్మాణాన్ని కనుగొన్నందుకు షాలీ, గీయమాఁలకు 1977లో నోబెల్ వచ్చింది. ఆ పరిశోధన ఆధారంగా తయారైన ఇంజెక్షన్లు 1980 దశకంలో వాడుకలోకి వచ్చాయి.

ఊళ్లో ఆ ఆపరేషన్ పేరెత్తితే చెవులు కొరుక్కుంటారు. మగవాణ్ణి ఎద్దుతో పోల్చే నోళ్లు ఉండనే ఉన్నాయి. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నలుగురేమంటారన్నది ఆ నలుగురికే వదిలేసి, మనిషి ఇంట్లో తిరుగుతుంటే తనకు చాలునని మా ఇంటావిడ తేల్చిచెప్పింది. పెన్షన్ మీద బతికేవాడు మూడు నెలలకోసారి ఇంజెక్షన్‌కోసం వినుకొండ మీదుగా గుంటూరు పరుగెత్తడం కంటే ఒక్కసారితో పోవడం మేలనిపించి ఆపరేషన్‌కే ఒప్పుకున్నాను. వారం తిరక్కుండానే నడుం నొప్పి సగానికి దిగింది. ఆర్నెల్లకు పి.ఎస్.ఎ. ఒకటి లోపుకు వచ్చింది. ఒంట్లో వేడి ఆవిర్లు, నీరసం, ఎముకల బలం తగ్గడం, దాంపత్య కోరిక పోవడం నిజమే. దాచుకుని ప్రయోజనం లేదు కనుక రాస్తున్నాను.

తిరగబెట్టినప్పుడు

తన వైద్యం రోగాన్ని పూర్తిగా నయం చేస్తుందని చెప్పుకునే వీలు హగ్గిన్స్‌గారికి లేకపోయింది. తొలి రోగుల్లో కొందరు పన్నెండేళ్లకు పైగా బతికినా, ఎక్కువమందికి కొంతకాలానికి రోగం తిరగబెట్టింది. చాలామంది అక్కడ చేతులు ముడుచుకునేవారు. ఆయన మాత్రం వృషణాలు తీసేసినా రోగానికి మేత ఇంకా ఎక్కడినుంచి అందుతున్నదని వెతికారు. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కూడా కొంత మగ హార్మోను తయారుచేస్తాయి. 1945లో ఆయన, డాక్టర్ స్కాట్ కలిసి ఆ గ్రంథులను తీసివేసే ఆపరేషన్ గురించి ప్రకటించారు. అడ్రినల్ లేకుండా మనిషి బతకడం కష్టం. అప్పటికి ప్రత్యామ్నాయంగా ఇవ్వడానికి సరైన మందు లేదు. కార్టిసోన్ దొరకసాగాక 1951లో తిరిగి ఆ ఆపరేషన్లు మొదలుపెట్టారు. ప్రోస్టేట్ రోగులకు ఆశించినంత ఫలితం రాలేదుగాని, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలలో కొందరికి మంచి గుణం కనిపించింది.

నా పి.ఎస్.ఎ. 2020 చివరలో కదలడం మొదలైంది. ఒకటి, మూడు, ఏడు, పద్నాలుగు. అంకెలతో ముప్పైఏళ్లు గడిపినవాణ్ణి కనుక ఆ వరుస ఎటు పోతున్నదో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. మొదటిసారి రోగం పేరు విన్నప్పటికంటే రెండోసారి భయం ఎక్కువ వేసింది. మొదటిసారి వైద్యం ముందుంది, రెండోసారి ఆ వైద్యం వెనకబడిపోయింది. ఇక ఏం మిగిలిందన్న దిగులుతో పిల్లలకు కూడా వారంపాటు చెప్పలేదు.

డాక్టరుగారు అబిరటెరోన్ మాత్రలు రాశారు. వాటితోపాటు రోజూ ప్రెడ్నిసోలోన్ వేసుకోవాలి. ఎందుకని అడిగితే ఆయన ఓపికగా వివరించారు. అడ్రినల్ గ్రంథుల్లో, క్యాన్సర్ కణాల్లో కూడా మగ హార్మోను తయారు కాకుండా ఆ మాత్ర అడ్డుపడుతుంది. దానివల్ల కార్టిసోన్ జాతి హార్మోను కూడా తగ్గుతుంది కనుక దాన్ని బయటినుంచి ఇస్తారు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే నాకు ఒళ్లు జలదరించింది. హగ్గిన్స్‌గారు 1951లో కత్తితో చేయబోయిన పనినే ఈ మాత్ర చేస్తున్నది. వెంట కార్టిసోన్ ఇవ్వడంతో సహా లెక్క అదే. ఆయన ఊహ సరైనదే, చేతిలో ఉన్న పనిముట్టు మోటది. అరవై ఏళ్లకు, అంటే 2011లో ఆ మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు మన దేశంలోనే జనరిక్ రకాలు తయారవుతున్నాయి.

ఆ మాత్ర పరగడుపున వేసుకోవాలి. రక్తపోటు, పొటాషియం, లివర్ పరీక్షలు చూపించుకుంటూ ఉండాలి. తుంటి నొప్పికి ఐదురోజులు రేడియేషన్ కూడా ఇచ్చారు. నా అంకె రెండుకు దిగి అక్కడే తారట్లాడుతున్నది. ఇది కూడా ఎన్నాళ్లో ఒకనాడు పనిచేయడం మానవచ్చునని తెలుసు. ఆ తరువాత వాడే మందులు మరికొన్ని ఉన్నాయని కూడా తెలుసు.

నోబెల్, చివరి రోజులు

1951లో షికాగో విశ్వవిద్యాలయంలో బెన్ మే అనే వ్యాపారి విరాళంతో క్యాన్సర్ పరిశోధనశాల ఏర్పడింది. హగ్గిన్స్‌గారు 1969 వరకు దానికి అధిపతిగా ఉన్నారు. ఆయన పిలిచి చేర్చుకున్న ఎల్వుడ్ జెన్సెన్, ఈస్ట్రోజెన్ హార్మోను కణంలో ఎక్కడ పట్టుకుంటుందో కనిపెట్టి రొమ్ము క్యాన్సర్ వైద్యాన్ని మార్చారు. 1966లో నోబెల్ బహుమతిని హగ్గిన్స్‌గారికి, పేటన్ రౌస్‌గారికి కలిపి ఇచ్చారు. కోళ్లకు వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు వైరస్ కారణమని రౌస్‌గారు 1911లోనే చెప్పారు. బహుమతి వచ్చేసరికి ఆయనకు 87 ఏళ్లు. హగ్గిన్స్‌గారు పాతికేళ్లు ఆగితే, ఆయన 55 ఏళ్లు ఆగవలసి వచ్చింది. పి.ఆర్.సి. బకాయిలు ఆలస్యమయ్యాయని విసుక్కునేటప్పుడు నేను రౌస్‌గారిని తలుచుకుంటాను.

అధిపతి పదవి దిగిపోయాక కూడా హగ్గిన్స్‌గారు ప్రయోగాలు మానలేదు. 1972 నుంచి 1979 వరకు తాను చదువుకున్న అకేడియా విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా ఉన్నారు. 1983లో భార్య కాలం చేశారు. ఆయన 1997 జనవరి 12న షికాగోలో 95వ ఏట కన్నుమూశారు.

జనవరి 12 మన సుబ్బారావుగారి పుట్టినరోజు కూడా. ఆయన లెడర్లీ కంపెనీలో ఉండగా తయారుచేయించిన అమినోప్టెరిన్ మందుతో 1948లో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు కొన్ని నెలల ఊరట కలిగించారు. ఆ పిల్లలకూ రోగం తిరగబెట్టింది. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో 53వ ఏట పోయారు. నోబెల్ ఆయనను వరించలేదు. అయితే ఆ కొన్ని నెలల ఊరటను పట్టుకునే తరువాతివారు మందులు కలిపి వాడడం నేర్చారు. ఇవాళ అలాంటి పిల్లల్లో ఎక్కువమంది బతికి బట్టకడుతున్నారు. ఇద్దరూ రోగులకు ఇచ్చింది గడువు. ఆ గడువులో వెనకవచ్చేవారు ఇంకో మందు తేగలిగారు. నేను 1940లలోనే ముసలివాణ్ణయి ఉంటే ఒక గడువే దొరికేది. ఇప్పుడు రెండోది నడుస్తున్నది.

సభ్యులకు మనవి

నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మూత్రం ఇబ్బంది, మూత్రంలో రక్తం, తగ్గని నడుం నొప్పి ఉంటే అంతా వయసని, నీళ్లని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోండి. పి.ఎస్.ఎ. పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదు. మామూలు పెరుగుదలకు, ఇన్ఫెక్షన్‌కు కూడా పెరుగుతుంది. క్యాన్సరే అయినా, నెమ్మదిగా పెరిగే రకమైతే కొందరిని ఏ వైద్యం లేకుండా పరీక్షలతో గమనిస్తూ ఉంచుతారు. హార్మోను వైద్యంలో ఉన్నవారు రోజూ నడవాలి, ఎముకల సంగతి డాక్టరును అడగాలి. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకోండి. ఆఫీసులో ఫైళ్లు నడిపిన మనకు అది కష్టమేమీ కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ రోగం గురించి సిగ్గుపడి దాచుకోవద్దు. మన సంఘ సభ్యులెవరైనా ఆపరేషన్ గురించిగాని, మాత్రల గురించిగాని అడగదలచుకుంటే నెలవారీ సమావేశంలో నన్ను పక్కకు పిలిచి నిస్సంకోచంగా అడగవచ్చు.



— రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, పుల్లలచెరువు